కొబ్బరికాయ ఎవరి చేతికి

మొయినాబాద్ స్టాపులో ఎక్కిన మనిషి గొడుగు ముయ్యడం మరిచిపోయాడు. ఫుట్‌బోర్డు మీద గుర్తొచ్చి మూశాడు. మూసి, బయటికి కాకుండా లోపలికి విదిల్చాడు. ఆ నీళ్లు కిటికీ పక్కన కూర్చున్న నీలవేణి ఒళ్లో పడ్డాయి.

"ఏయ్! కండ్లు కనవడ్తలేవా?"

"సారీ మేడమ్. బయట వాన..."

"వాన బయట పడ్తున్నది. లోపల నువ్వు పోస్తున్నవ్."

పక్క సీట్లో ఉన్న పింకీ నవ్వింది. పింకీ, నీలవేణి చేవెళ్లలో ఎక్కి, అప్పా జంక్షన్‌లో దిగి, ఆటోలో గచ్చిబౌలి పోతారు. ఒకే కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం వాళ్ల పని. ఆ పని నీలవేణి బస్సులో కూడా మానదని పింకీ అంటుంది.

అతను జేబులోంచి దస్తీ తీసి ఇవ్వబోయాడు. అదీ తడిసే ఉంది. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, కవరులో ప్రింటు కాగితాలు. పై కాగితం మీది అక్షరాలు నీలవేణికి కనిపించాయి. 'నీలి అరచేయి: రక్తం లేనిదే శక్తి లేదు. మూడో భాగం.'

ఆమె తల ఎత్తి అతని మొహం చూసింది.

"బ్లడ్‌లైన్ అంటే నువ్వేనా?"

"మీకెట్ల ఎరుక?"

"తార పార్టీ."

"ఓహో! నిన్న నన్ను రక్తపింజర అని తిట్టింది మీరేనా?"

"నేనే. నిన్న టైపు చేసి తిట్టిన. ఇయ్యాల ఆ కష్టం లేదు."

"టికెట్ తీసుకొని కొట్లాడుండ్రి" అన్నాడు కండక్టర్.

అది రెండు వేల ఎనిమిది వానాకాలం. గచ్చిబౌలిలో కంపెనీలు లేస్తుంటే మొయినాబాద్‌లో పొలాలు ప్లాట్లవుతున్న రోజులు. ఆ ఏడాది ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి టీవీలో 'నీలి అరచేయి' వచ్చేది. అందులో రాజమాత అనే ముసలామె నేల మీద అరచెయ్యి పెడితే, ఆ నేలలో దాగిందంతా ఆమెకు కనిపిస్తుంది. అప్పుడు చెయ్యి నీలంగా వెలుగుతుంది. చెయ్యి కాదు ట్యూబ్‌లైటు అని నవ్వుకుంటూనే జనం చూసేవాళ్లు. రాజమాత పోయేలోగా ఆ శక్తి ఇంకొకరికి రావాలి. సొంత మనవడు విక్రాంత్‌కు వస్తుందా, ఇంట్లో పెంచుకున్న పిల్ల తారకు వస్తుందా? ఆర్కుట్‌లో దీని మీద మారుపేర్లతో ఇంటర్నెట్‌లో కొట్లాడుకునే ఒక గ్రూపే ఉంది. అందులో రక్తం వైపు గట్టిగా రాసేది బ్లడ్‌లైన్. తార వైపు గట్టిగా తిట్టేది తార పార్టీ.

"ఎనిమిది తరాల సంది రక్తంల వస్తున్నది" అన్నాడు అతను, కడ్డీ పట్టుకుని నిలబడి. "తారకు ఎట్ల వస్తది? చెప్పుండ్రి."

"రక్తంల వస్తే విక్రాంత్ నాయనకు ఎందుకు రాలే?"

"ఒక తరం దాటుతది. రెండో భాగంల రాసిన."

"మూడు భాగాలు రాసినవ్. సీరియల్ ఒక్కసారన్న మంచిగ చూసినవా? రాజమాత ఎటు పోయినా ఎనక నడిచేది ఎవరు?"

"తార."

"విక్రాంత్ ఏం జేస్తడు?"

అతను కాసేపు ఆలోచించాడు. "కారుల కూసుంటడు."

"గంతే" అని నీలవేణి కిటికీ వైపు తిరిగింది.

అతని పేరు జ్ఞానేశ్వర్ అని పింకీ కనుక్కుంది. గండిపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు.

"పేరుల జ్ఞానం మస్తున్నది" అంది నీలవేణి.

నీలవేణికి ఇది సీరియల్ గొడవ కాదు.

చేవెళ్ల చుట్టుపక్కల బోరు వెయ్యాలంటే ముందు ఆమె బాపు సాయిలును పిలుస్తారు. సాయిలు నీళ్లు చూస్తాడు. పరగడుపున, చెప్పుల్లేకుండా, చాచిన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డ చోట సున్నంతో గుర్తు పెడతాడు. అదే పాయింట్. కాయను పొలం యజమానే తన చేత్తో ఇవ్వాలి. ఎవరి చేతిలో పెడితే వాళ్లే చూడాలి. పైసలు తీసుకోరు. నీళ్లు పడితే యజమాని కొత్త బట్టలు తెచ్చి పెడతాడు. సాయిలు తండ్రి ఇట్లాగే చూసేవాడు. తాత కూడా.

సాయిలుకు, శంకరమ్మకు పిల్లల్లేరు. శంకరమ్మ చెల్లెలు కాన్పులో పోతే ఆ బిడ్డను తెచ్చి పెంచుకున్నారు. ఆ బిడ్డ నీలవేణి. నడక నేర్చినప్పటి నుంచి సున్నం డబ్బా పట్టుకుని సాయిలు వెనక తిరిగింది. పుట్టలెక్కడున్నాయి, ఎండాకాలంలో కూడా ఏ గట్టు మీద గడ్డి ఎండదు, పక్క చేను బోరు ఎంత లోతు, ఇవన్నీ చూసుకుంటూ, అడిగి తెలుసుకుంటూ నడిచేవాడు సాయిలు. "కాయ ఆఖరుకు చెప్తది బిడ్డా. ముందుగాల కండ్లు చెప్పాలె" అనేవాడు. కాయ లేవకముందే బాపు ఎక్కడ నడక తగ్గిస్తాడో ఆమెకు తెలిసిపోయేది.

నిరుడు సాయిలు మోకాళ్లు మొరాయించాయి. దుక్కిలో నడవొద్దని దవాఖానలో చెప్పారు. తర్వాత ఎవరని ఊళ్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నారు. సాయిలు తమ్ముడి కొడుకు జితేందర్ ఉన్నాడు. ఆటో నడుపుతాడు. మంచివాడు. అతని చేతిలో కాయ ఠక్కున లేచేది. బోరులో మాత్రం దుమ్ము లేచేది. చూసిన రెండు చోట్లా అంతే.

"నేను చూస్త బాపు" అని నీలవేణి ఒకసారి అడిగింది.

"నీకు నౌకరి ఉన్నది గదా బిడ్డా" అన్నాడు సాయిలు.

అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

చేవెళ్లలో కరెంటు కోత సాయంత్రం ఏడున్నరకు. సీరియల్ సరిగ్గా సగంలో ఉండగా టీవీ ఆగిపోయేది. మొయినాబాద్‌లో ఆ వేళ కరెంటు ఉంటుంది. ఈ సంగతి తెలిసిన రోజు జ్ఞానేశ్వర్ బస్సులో ఒక మాటన్నాడు.

"కరెంటు పోంగనే మిస్డ్ కాల్ ఇయ్యి. మిగిలిన సగం నేను చెప్త."

"నీ రక్తం కలపకుండ చెప్తవా?"

"ఒట్టు. ఉన్నదున్నట్టు."

ఆ ఆదివారం నుంచి అదే పద్ధతి. కరెంటు పోతుంది, మిస్డ్ కాల్ పోతుంది, ఫోన్ మోగుతుంది. చిమ్నీ దీపం పక్కన ఫోన్ స్పీకర్‌లో పెట్టి నీలవేణి, శంకరమ్మ వినేవాళ్లు. జ్ఞానేశ్వర్ అందరి గొంతులూ తనే చేసేవాడు. రాజమాత గొంతు చేసినప్పుడు దగ్గు కూడా వచ్చేది.

"రాజమాత మెట్లు దిగుతున్నది. ఒక మెట్టు. ఇంకో మెట్టు."

"ఎన్ని మెట్లున్నయి?" అంది నీలవేణి.

"డైరెక్టర్ కాడ మస్తున్నయి."

"జర ఆగు కొడుకా" అనేది శంకరమ్మ. "ముసల్ది ఏడ్సింది గదా, అది మళ్ల చెప్పు."

మళ్లీ ఏడ్చేవాడు. కథ అయిపోయాక శంకరమ్మ వంటింట్లోకి పోయేది. ఫోన్ మాత్రం వెంటనే పెట్టేవాళ్లు కాదు. కరెంటు వచ్చేది, మాటలు అయ్యేవి కావు. చిమ్నీ ఆర్పడం మరిచిపోయావేమని శంకరమ్మ లోపలి నుంచి అరిచేది.

అట్లాంటి ఒక ఆదివారం జ్ఞానేశ్వర్ తన ఇంటి సంగతి చెప్పాడు. వాళ్ల నాయన అంతయ్యకు మొయినాబాద్ అవతల చేను ఉంది. వేసిన బోర్లు ఎండిపోయాయి. ప్లాట్లు చేసేవాళ్లు రోజూ ఇంటికొచ్చి కూర్చుంటున్నారు. ఇంకొక్క బోరు చూద్దాం, పడకపోతే ఇచ్చేద్దాం అంటున్నాడు అంతయ్య. జ్ఞానేశ్వర్‌కు చేను వదులుకోవడం ఇష్టం లేదు. గులాబీ తోట వెయ్యాలని అతని పట్టుదల.

"మీ బాపుని ఒకసారి తోలుకొస్తవా?"

"బాపుకు మోకాళ్లు. నడవలేడు."

చెప్పి నీలవేణి ఆగింది. అతను అడుగుతాడనుకుంది. బాపు వెనక తిరిగిన సంగతులన్నీ అతనికి చెప్పింది, నవ్వుకుంటూ విన్నాడు.

"అయితే మీ జితేందర్ అన్న వస్తడా?" అన్నాడు అతను. "ఎంతైనా ఇంట్ల మొగపిల్లగాడు, మీ బాపు రక్తం గదా."

నీలవేణి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు బస్సులో అతను వచ్చి పక్కన నిలబడగానే చెప్పింది. "సాయిలు నన్ను పెంచిండు. కనలే. నాది ఆయన రక్తం కాదు. ఇగ రాస్కో నాలుగో భాగం."

జ్ఞానేశ్వర్ దిగాల్సిన స్టాపు దాటిపోయింది. అప్పా జంక్షన్ దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి పోయే బస్సు ఎక్కాడు.

ఆ వచ్చే ఆదివారమే సీరియల్ ఆఖరు రోజు. రాజమాత మంచం మీద ఉంది. ఒక పక్క విక్రాంత్, ఒక పక్క తార. ముసలామె చెయ్యి ఎత్తింది. కరెంటు పోయింది.

ఫోన్ ఎప్పటికన్నా ఆలస్యంగా మోగింది.

"ఏమైంది?"

"తారకే వచ్చింది" అన్నాడు జ్ఞానేశ్వర్.

"ఎట్ల వచ్చింది? ఏమన్నది ముసల్ది?"

ఈసారి అతను రాజమాత గొంతు చెయ్యలేదు. తన గొంతుతోనే చెప్పాడు. "నేను నడిచినన్ని దినాలు నా ఎనక నడిచింది ఎవరు అని అడిగింది. అందరు తల దించిండ్రు. నా ఎనక నడిచినోళ్లే నా తర్వాత నడవాలె అన్నది. తార చెయ్యి పట్టుకున్నది."

శంకరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నీలవేణి లేచి ముందరి అరుగు మీదికి పోయింది. సాయిలు మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. ఆ మాట అక్షరం పోకుండా ఆయనకు చెప్పింది.

"టీవీ మాటలు వేరు బిడ్డా."

"టీవీ పోనీ. నువ్వు చెప్పు. కాయ లేవకముందే నీ నడక తగ్గుతది. ఎందుకు తగ్గుతదో నాకెరుక. జితేందర్ అన్నకు ఎరుకనా?"

సాయిలు చేతికంటిన నూనె తలకు రాసుకున్నాడు. "వాడు చూసింది ఫెయిలైతే ఆ భూమిల నీళ్లు లేవంటరు. నువ్వు చూసింది ఫెయిలైతే ఏమంటరు? సాయిలు రక్తం కాదు గదా, అందుకే అంటరు. ఆ మాట నీ చెవిల పడొద్దనే నేను..."

"చిన్నప్పటి సంది పడ్తనే ఉన్నది బాపు. నువ్వు విననట్టు ఉంటివి, నేను గూడ విననట్టు ఉన్న."

సాయిలు నూనె సీసాకు మూత పెట్టాడు. తర్వాత అన్నాడు. "మొయినాబాద్ అంతయ్య కబురు పెట్టిండు. ఆదివారం పోదాం. కాయ ఎవరి చేతిల పెడ్తడో, అది ఆయన ఇష్టం."

సోమవారం బస్సు చేవెళ్ల దాటకముందే పింకీ మొదలుపెట్టింది. పింకీ వాళ్లింట్లో ఇన్వర్టర్ ఉంది.

"ఎంత మోసం చేసిండ్రే! ఇన్నొద్దులు పెంపుడు పిల్ల అన్నరు. ఆఖరుకు తార రాజమాత సొంత మనవరాలే అంట. పురిట్ల పిల్లల్ని మార్చిండ్రంట. నీ బ్లడ్‌లైన్ గెలిచిండు పో."

నీలవేణి మళ్లీ చెప్పించుకుని విన్నది. తన వెనక నడిచింది ఎవరని రాజమాత అడగనేలేదు.

మొయినాబాద్‌లో జ్ఞానేశ్వర్ ఎక్కాడు. గొడుగు బయటే విదిల్చి, మూసి ఎక్కాడు.

"నిన్న చెప్పిన డైలాగ్ ఎవరు రాసిండ్రు?" అంది నీలవేణి.

అతను పింకీని చూశాడు. పింకీ కిటికీ లోంచి బయటికి చూసింది.

"నేనే."

"ఉన్నదున్నట్టు చెప్త అని ఒట్టేసినవ్."

"ఉన్నది చెప్తే నువ్వు ఏడుస్తవనుకున్న."

"నేను ఏడుస్తనో, కొడ్తనో, నవ్వుతనో అది నా ఇష్టం. నువ్వు ముందే గొడుగు పడితివి. మా బాపు గూడ ఇన్నేండ్లు గదే చేసిండు. నాకు వాన వద్దని నేనెవరికన్న చెప్పిన్నా?"

"తప్పయింది."

"తప్పే."

బస్సు కొంత దూరం పోయింది. "మరి ఆదివారం మా చేన్లకు..." అని ఆపేశాడు.

"వస్త. ఎందుకు రాను? డైలాగ్ నీదే కావచ్చు, బాపు ఎనక నడిచింది నేను గదా. కాని మీ నాయనకు ఉన్న సంగతి చెప్పినంకనే కాయ పట్టుకుంట."

"నేను చెప్త."

"వద్దు. నీ నోట్లె కథలు మారుతయి."

ఆ వారమంతా ఆమె మిస్డ్ కాల్ ఇవ్వలేదు. గ్రూపులో అందరూ బ్లడ్‌లైన్‌కు అభినందనలు పెడుతున్నారు. బుధవారం అతను ఒక్క ముక్క రాశాడు: 'సీరియల్ నన్ను గెలిపించింది. కాని తార పార్టీ చెప్పిందే నిజం.' గ్రూపంతా లొల్లి చేసింది, పిచ్చి లేచిందా అని. నీలవేణి ఆఫీసులో అది చదివింది. జవాబు రాయలేదు. ఇంకోసారి చదివింది.

ఆదివారం పొద్దున జితేందర్ ఆటోలో సాయిలు, నీలవేణి మొయినాబాద్ పోయారు. నీలవేణి నీళ్లు కూడా తాగలేదు. చేను గట్టు మీద పక్క పొలాలవాళ్లు చేరారు. అంతయ్య పసుపు రాసిన కొబ్బరికాయ పట్టుకుని నేరుగా జితేందర్ దగ్గరికి పోయాడు.

జితేందర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "అంతయ్య కాకా, దండం పెడ్త. నా చేతిల కాయ మస్తు లేస్తది. నీళ్లే లేవయి."

జనం నవ్వారు. అంతయ్య నవ్వలేదు. "మరి ఎవరికియ్యాలె?"

"నాకు" అంది నీలవేణి. చెప్పులు విడిచి ముందుకొచ్చింది. "కాని కాకా, ముందుగాల ఒక మాట విను. నేను సాయిలు పెంచిన బిడ్డను, కన్న బిడ్డను కాదు. ఇంతదాక మా ఇంట్ల సొంత రక్తానికే ఇచ్చిండ్రు. టీవీల గూడ సొంత రక్తానికే వచ్చింది. ఇది ఎరుకై ఇస్తనంటే ఇయ్యి."

అంతయ్య ఆటో వైపు చూశాడు. "ఏమంటవ్ సాయన్నా?"

సాయిలు కట్టె ఊతగా కిందికి దిగాడు. "నా బిడ్డ చూస్తది అంతయ్యా. నీళ్లు పడితే దాని పేరు చెప్పు. పడకుంటే నా పేరు చెప్పు."

"గట్ల కుదరదు బాపు" అంది నీలవేణి. "రెండిటికీ నా పేరే."

అంతయ్య కాయను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. కొడుకును చూశాడు. "నువ్వేమంటవురా? రక్తం, రక్తం అని కంప్యూటర్ల పేజీలకు పేజీలు రాస్తివి."

"రాసిన బాపు. సీరియల్‌ల గెలిచిన గూడ. మన చేన్ల అది నడవది. ఆమెకే ఇయ్యి."

అంతయ్య కొబ్బరికాయను నీలవేణి అరచేతిలో పెట్టాడు.

ఆమె నడక మొదలుపెట్టింది. చేను నడుమ కాయ కదిలి, పైకి లేచింది. గట్టు మీద కేకలు. నీలవేణి వెనక్కి తగ్గి, అవతలి వైపు నుంచి మళ్లీ అదే చోటికి వచ్చింది. కాయ లేవలేదు. సున్నం అడగకుండా ముందుకు పోయింది.

"లేచింది గదా, ఎందుకు పెడ్తలేదు?" అన్నారెవరో.

"ఒక్కసారి పాసైతే పాస్ కాదు" అంది ఆమె, తిరిగి చూడకుండా.

తూర్పు గట్టు కింద పాత పుట్ట ఉంది. చుట్టూ గడ్డి మిగతా చేను కన్నా ఒత్తుగా, పచ్చగా ఉంది. వంగి మట్టి తీసి చూసింది. అవతలి చేను బోరు వైపు చూసింది. ఆమె నడక తగ్గింది. దూరంగా ఆటో పక్కన సాయిలు కట్టె మీద ముందుకు వంగాడు. కాయ ఇంకా లేవలేదు. సాయిలు మాత్రం తల ఊపాడు.

కాయ లేచింది. ఆమె చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చింది. మళ్లీ లేచింది.

"సున్నం" అని అలవాటుగా అన్నది. అన్నాక గుర్తొచ్చింది, డబ్బా ఆటోలోనే ఉండిపోయిందని. ఎవరిదో చెయ్యి వెనక నుంచి డబ్బా అందించింది. జ్ఞానేశ్వర్. చెప్పుల్లేవు. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. ఆటోలోంచి డబ్బా తీసుకుని మొదటి అడుగు నుంచి వెనకే నడుస్తున్నాడు.

నీలవేణి గుర్తు పెట్టింది. "ఎనక వస్తున్నవని చెప్పలేదేంది?"

"చెప్తే కథలంటవని."

వారం తర్వాత బోరు బండి వచ్చింది. నీలవేణి సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నం దాకా తెల్లటి దుమ్మే లేచింది. ఒక రాడ్డు దిగింది, ఇంకొకటి ఎక్కించారు. అంతయ్య తువ్వాల తల మీద వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. వెనకెవరో అన్నారు, "ఎంతైనా సాయిలు రక్తం కాదు గదా."

ఆమె విన్నది. విననట్టు ఉండలేదు. వెనక్కి తిరిగి ఆ మనిషిని చూసింది. "ఇంకో రాడ్డు దిగనీ పెద్దయ్యా. అప్పుడు జర గట్టిగ చెప్పు" అని మళ్లీ బోరు వైపు తిరిగింది. అక్కడి నుంచి కదల్లేదు.

దుమ్ము రంగు మారింది. తడి మట్టి ముద్దలు పడ్డాయి. బండి మోత మారింది. ఒక్కసారిగా నీళ్లు బండి కన్నా ఎత్తు లేచి అందరి మీద పడ్డాయి. జనం పరుగెత్తారు, కొందరు దూరంగా, కొందరు దగ్గరికి. నీలవేణి తల మీద గొడుగు తెరుచుకుంది.

"ముయ్యి" అంది ఆమె.

జ్ఞానేశ్వర్ మూశాడు. ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు.

"ఇంచున్నర నీళ్లు!" అని అరిచాడు బండి మేస్త్రీ.

"గులాబీలకు చాలు" అన్నాడు అంతయ్య. తువ్వాల తల మీది నుంచి భుజం మీదికి వచ్చింది.

"నీలవేణీ" అన్నాడు జ్ఞానేశ్వర్. "ఒక మాట చెప్పాలె. కథ కాదు."

"చెప్పు."

"నువ్వంటే నాకిష్టం."

"మళ్ల చెప్పు."

"వినవడలేదా?"

"వినవడ్డది. ఒక్కసారి పాసైతే పాస్ కాదు."

అతను బురదలో జారుకుంటూ ఆమె చుట్టూ తిరిగి, ఎదురు దిక్కు నుంచి వచ్చి మళ్లీ చెప్పాడు. నీళ్లు మొహం మీద కొడుతున్నాయి కాబట్టి రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. బండి మేస్త్రీ కూడా విన్నాడు.

"పాస్" అంది నీలవేణి.

నీళ్లు పడితే బట్టలు పెట్టాలి. అంతయ్య అలవాటు కొద్దీ ధోతి, తువ్వాల కొన్నాడు. ఇంటికి తెచ్చాక కొడుకు చూసి అడిగాడు, ఈ ధోతి ఎవరు కట్టుకుంటరని. మళ్లీ దుకాణానికి పోయి చీరె తెచ్చారు. ఆ చీరె పళ్లెంలో పెట్టుకుని తండ్రీకొడుకులు చేవెళ్ల వచ్చేసరికి వాన మొదలైంది. పళ్లెం, చీరె, పక్కన పెళ్లీడు కొడుకు. వాడకట్టులో అందరూ తలుపుల్లోకి వచ్చి చూశారు. పక్కింటి బాలనర్సమ్మ అయితే శంకరమ్మతో పాటే లోపలికి వచ్చేసింది, చక్కెర డబ్బా పట్టుకుని.

సాయిలు పళ్లెం చూశాడు, జ్ఞానేశ్వర్‌ను చూశాడు. "అంతయ్యా, జర సాఫ్ చెప్పు. ఇది నీళ్ల చీరెనా, పిల్లనడిగే చీరెనా?"

అంతయ్య నవ్వాడు. "నీళ్లకనే కొన్న సాయన్నా. తొవ్వల మావాడు ఒక మాట చెప్పిండు. ఇప్పుడు రెండిటికీ అనుకో."

"ఇష్టమేనా బిడ్డా?" అన్నాడు సాయిలు.

నీలవేణి తలుపు దగ్గర నిలబడి ఉంది. "నాకిష్టమే బాపు. కాని రెండిటికీ ఒక్క చీరె నడవది. నీళ్లు చూసినందుకు నా చీరె నాకు పెట్టాలె. పిల్లనడిగే చీరె వేరే తేవాలె."

శంకరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాయిలు పెద్దగా నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన అంత పెద్దగా నవ్వి చాలా రోజులైంది. అంతయ్య లేచి, పళ్లెం నీలవేణి చేతుల్లో పెట్టాడు. "నీళ్లు చూసిన చేతికి" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

జ్ఞానేశ్వర్ అప్పటికే చెప్పులేసుకుని వానలోకి దిగాడు. గొడుగు గోడకు ఆనించిన చోటే ఉంది.

"పిచ్చోడు, తడుసుకుంట పోతున్నడు" అంది బాలనర్సమ్మ.

నీలవేణి చీరెను శంకరమ్మ చేతికిచ్చి, గొడుగు తీసుకుంది. సందు మలుపులో అతన్ని అందుకుంది.

"నువ్వెందుకొచ్చినవ్? చీరె నేను తెస్త గదా."

"రంగు నేను చూస్త. నీ సెలెక్షన్ నమ్మ."

"మరి గొడుగు? నాకు పట్టుమని నేను అడిగిన్నా?"

"అడగలే" అంది నీలవేణి. గొడుగు మూసి, అతని చేతికిచ్చింది.

ఇద్దరూ తడుసుకుంటూ దుకాణానికి పోయారు.